బొద్దింక కాలిలోని నాడీకణాల సంకేతాలను వినడం, నమోదు చేయడం ఎలా?

నాడీకణం పంపే విద్యుత్ సంకేతాన్ని వినడానికి పెద్ద పరిశోధనాలయం అవసరం లేదు. రెండు గుండుసూదులు, రెండు ఐసీలు, రెండు 9 వోల్టుల బ్యాటరీలు, బ్యాటరీతో నడిచే చిన్న స్పీకరు, ఒక బొద్దింక కాలు ఉంటే ఇంటర్ చదివే విద్యార్థి కూడా ఈ పని చేయగలడు. కాలిమీది ముల్లును పుల్లతో తాకగానే జొన్నలు పేలుతున్నట్టు స్పీకరులో చిటపట వినిపిస్తుంది. ఆ చిటుకుల్లో ఒక్కొక్కటీ ఏదో ఒక నాడీకణం బొద్దింక ఛాతీలోని నాడీకేంద్రానికి పంపజూసిన ఒక్కొక్క ప్రచోదనం. ఇక్కడ ముందుగా ఆ చిటుకు ఏమిటో కొంత తెలుసుకుని, తరువాత పరికరాన్ని కట్టుకుని, చివరికి వినిపించిన దాన్ని లెక్కపెట్టి అర్థం చేసుకునే పద్ధతిని వివరిస్తున్నాను. శాస్త్రవేత్తలు ఇదే పని నేర్చుకోవడానికి నూరేళ్లకు పైగా పట్టింది. వారు ఎక్కడ ఆగిపోయారో, ఎలా ముందుకు కదిలారో తెలిస్తే మన పరికరంలో ఏ భాగం ఎందుకు ఉందో సులువుగా బోధపడుతుంది.

వినబోయేది ఏమిటి?

నాడీకణపు పొరకు లోపలా బయటా అయాన్ల కూర్పు ఒకేలా ఉండదు. లోపల పొటాషియం ఎక్కువ, బయట సోడియం ఎక్కువ. ఈ తేడాను నిలబెట్టడానికి పొరలోని పంపులు, కణాలకు శక్తినందించే అణువైన ఏటీపీని ఖర్చు చేస్తూ సోడియాన్ని నిరంతరం బయటికి, పొటాషియాన్ని లోపలికి తోడుతుంటాయి. ఆ ఏటీపీని కండరం నుంచి 1929లో గుర్తించినవారిలో హార్వర్డ్‌లో పనిచేసిన సైరస్ ఫిస్కె, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు; అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. విశ్రాంతిలో ఉన్న పొర పొటాషియాన్నే ఎక్కువగా పోనిస్తుంది కనుక కణం లోపలి వైపు బయటితో పోలిస్తే సుమారు 70 మిల్లీవోల్టుల ఋణ విభవంలో ఉంటుంది.

స్పర్శ వల్ల గానీ మరో కణం ప్రభావం వల్ల గానీ ఈ విభవం తగ్గి ఒక హద్దును దాటితే, పొరలోని సోడియం ద్వారాలు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. సోడియం లోపలికి దూసుకువచ్చి లోపలి వైపును క్షణకాలం ధనావేశంలోకి మారుస్తుంది. వెంటనే ఆ ద్వారాలు మూసుకుపోయి, పొటాషియం ద్వారాలు తెరుచుకుని, విభవం మళ్లీ మొదటి స్థితికి వస్తుంది. ఇదంతా దాదాపు ఒక మిల్లీసెకనులో ముగుస్తుంది. ఒకచోట జరిగిన ఈ మార్పు పక్కనున్న పొరను కూడా హద్దు దాటిస్తుంది కాబట్టి సంకేతం ఆక్సాన్ (నాడీకణం నుంచి సాగే పొడవాటి పోగు) పొడవునా, సన్నగిల్లకుండా, ఒకే పరిమాణంలో సాగిపోతుంది. దీన్నే పాఠ్యపుస్తకాలు నాడీ ప్రచోదనం అంటాయి, ప్రయోగశాలల్లో అందరూ స్పైక్ అంటారు. హద్దు దాటితే పూర్తి స్పైక్, దాటకపోతే ఏమీ లేదు. సగం స్పైక్ అంటూ ఉండదు.

బొద్దింక కాలిమీద కనిపించే ముళ్లలో స్పర్శను గ్రహించే ప్రతి ముల్లు మొదట్లో ఒక నాడీకణం ఉంటుంది. దాని ఆక్సాన్ కాలి లోపలి నాడి గుండా పైకి వెళ్తుంది. కాలు తెగినా కణదేహం కాలిలోనే ఉండిపోవడం వల్ల అది గంట, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువసేపు పనిచేస్తూనే ఉంటుంది. ఈ ప్రయోగానికి బొద్దింక ఇంతగా అనువుగా ఉండటానికి కారణం ఇదే. కేంబ్రిడ్జ్‌లో జాన్ ప్రింగిల్ 1938లోనే బొద్దింక కాలి నాడుల నుంచి స్పైకులను నమోదు చేసి, కాలిమీద పడే బరువును గ్రహించే అవయవాలు ఏవో తేల్చారు.

ఇంతకీ నాడులు విడివిడి కణాలతో కట్టినవేనన్న సంగతే చాలాకాలం వివాదాస్పదంగా ఉండేది. ఇటలీలో కామిల్లో గోల్జీ 1873లో పొటాషియం డైక్రోమేట్, సిల్వర్ నైట్రేట్‌లతో మెదడు ముక్కలకు రంగు పట్టించే విధానాన్ని ప్రకటించారు. ఆ రంగు ఏవో కొన్ని కణాలకే, ఎందుకో తెలియకుండా, పడుతుంది. పడిన కణం మాత్రం కొస నుంచి కొసదాకా నల్లగా తేలుతుంది. అన్ని కణాలకూ రంగు పట్టి ఉంటే చిక్కుబడ్డ నల్లటి ముద్ద తప్ప ఏమీ కనిపించేది కాదు కనుక, ఆ పద్ధతిలోని లోపమే దాని బలమని నా అభిప్రాయం. స్పెయిన్‌కు చెందిన శాంటియాగో రమోన్ ఇ కహాల్ 1887లో మాడ్రిడ్‌లో ఆ రంగు పట్టిన ముక్కలను చూసి, పద్ధతిని మెరుగుపరిచి, మరుసటి ఏడాది పక్షుల అనుమస్తిష్కంలో కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోలేదని, దగ్గరగా వచ్చి ఆగిపోతున్నాయని చూపారు. 1891లో వాల్డెయర్ వాటికి న్యూరాన్ అని పేరు పెట్టారు. గోల్జీ మాత్రం మెదడంతా ఒకే వల అన్న నమ్మకాన్ని వదల్లేదు. 1906లో ఇద్దరూ కలిసి నోబెల్ అందుకున్నప్పుడు కూడా ఆయన తన ప్రసంగంలో న్యూరాన్ సిద్ధాంతాన్ని ఖండించారు.

యాంప్లిఫయర్ ఎందుకు, ఎంత?

పొరకు అటూ ఇటూ కొలిస్తే స్పైక్ ఎత్తు దాదాపు 100 మిల్లీవోల్టులు ఉంటుంది. మన సూదులు కణం లోపలికి వెళ్లవు. అవి బయటి కణజాలంలో ఉంటాయి. స్పైక్ సాగుతున్నప్పుడు ఆక్సాన్ చుట్టూ పారే అతి చిన్న విద్యుత్తు వల్ల రెండు సూదుల మధ్య కొన్ని పదుల నుంచి కొన్ని వందల మైక్రోవోల్టుల తేడా మాత్రమే వస్తుంది. దీన్ని వెయ్యి రెట్లు పెంచితేగాని స్పీకరుకు చాలదు. పందొమ్మిదో శతాబ్దపు శాస్త్రవేత్తలకు ఈ పెంచే సాధనమే లేకపోయింది. వాల్వులతో యాంప్లిఫయర్లు వచ్చాక, 1926లో కేంబ్రిడ్జ్‌లో ఎడ్గర్ ఏడ్రియన్, ఇంగ్వె జోటర్‌మన్ కప్పలోని చిన్న కండరాన్ని కొంచెం కొంచెంగా కోస్తూ, చివరికి సాగుదలను గ్రహించే ఒకే ఒక్క అవయవం మిగిలేదాకా తెచ్చి, ఒంటరి నాడీతంతువు సంకేతాన్ని తొలిసారి నమోదు చేశారు.

సర్క్యూట్‌కు కావలసినవి ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు అమ్మే ఏ దుకాణంలోనైనా, హైదరాబాద్‌లోనైతే కోఠి గుజరాతీ గల్లీలో, దొరుకుతాయి. మొదటి దశకు ఏడీ 620 అనే ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్ ఐసీ, రెండో దశకు టీఎల్ 072 ఆప్‌యాంప్ ఐసీ వాడాలి. మొత్తంలో కాస్త ఖరీదైనది మొదటిదే. రెండు 9 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి, అవి కలిసే మధ్య బిందువును గ్రౌండుగా తీసుకోవాలి; అప్పుడు ఒక వైపు ప్లస్ 9, మరో వైపు మైనస్ 9 వోల్టులు అందుతాయి. ఏడీ 620లో 7వ కాలుకు (ఐసీ పిన్నులనే ఇక్కడ కాళ్లు అంటున్నాను) ప్లస్, 4వ కాలుకు మైనస్, 5వ కాలుకు గ్రౌండు ఇవ్వాలి. 1, 8 కాళ్ల మధ్య 4.7 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెడితే ఈ దశ సుమారు పదకొండున్నర రెట్లు పెంచుతుంది. ఇక్కడే వెయ్యి రెట్లు పెంచాలన్న ఆత్రం పనికిరాదు. లోహపు సూది తడి కణజాలాన్ని తాకినచోట కదలని వోల్టేజీ ఒకటి పుడుతుంది. అది స్పైక్ కన్నా ఎన్నో రెట్లు పెద్దది కనుక, దాన్ని కూడా వెయ్యి రెట్లు పెంచితే ఐసీ తన హద్దుకు చేరి స్తంభించిపోతుంది.

అందుకే 6వ కాలు నుంచి వచ్చే సంకేతాన్ని 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ గుండా పంపి, దాని అవతలి కొసను టీఎల్ 072 యొక్క 3వ కాలుకు కలిపి, అక్కడి నుంచి గ్రౌండుకు 5.6 కిలోఓమ్‌ల రెసిస్టర్ వేయాలి. ఈ జంట కదలని వోల్టేజీని పూర్తిగా ఆపుతుంది. సుమారు 280 హెర్ట్జ్‌కు దిగువనున్న మెల్లని మార్పులను తగ్గిస్తుంది. గోడలోని కరెంటు తీగల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ హోరును దాదాపు ఆరో వంతుకు కుదిస్తుంది. తరువాత టీఎల్ 072లో 1, 2 కాళ్ల మధ్య 100 కిలోఓమ్‌లు, 2వ కాలు నుంచి గ్రౌండుకు 1 కిలోఓమ్ వేస్తే ఈ దశ 101 రెట్లు పెంచుతుంది. ఆ 100 కిలోఓమ్‌ల రెసిస్టర్‌కు సమాంతరంగా 1 నానోఫారడ్ కెపాసిటర్ పెడితే సుమారు 1,600 హెర్ట్జ్‌కు పైనున్న బుసబుస తగ్గుతుంది. 8వ కాలుకు ప్లస్, 4వ కాలుకు మైనస్ ఇవ్వాలి. వాడని రెండో సగాన్ని గాలిలో వదలకుండా 5వ కాలును గ్రౌండుకు, 6వ కాలును 7వ కాలుకు కలపాలి. 1వ కాలు నుంచి 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా స్పీకరు ఆక్స్ తీగకు సంకేతం వెళ్తుంది. రెండు దశలూ కలిసి సుమారు 1,160 రెట్లు పెంచుతాయి. అంటే 100 మైక్రోవోల్టుల స్పైక్ 0.1 వోల్టు పైచిలుకు అవుతుంది. ప్రతి ఐసీ సరఫరా కాళ్ల పక్కనే గ్రౌండుకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు వేయడం మరువకూడదు. అవి లేకపోతే సర్క్యూట్ తనంతట తానే ఈల వేస్తుంది.

సూదుల తీగల్లో ఒకటి ఏడీ 620 యొక్క 3వ కాలుకు, రెండోది 2వ కాలుకూ గ్రౌండుకూ కలిపి వెళ్లాలి. 3వ కాలు నుంచి గ్రౌండుకు 10 మెగాఓమ్‌ల రెసిస్టర్ ఒకటి వేస్తే సూదులు దేనినీ తాకనప్పుడు కూడా ఐసీ స్థిమితంగా ఉంటుంది. సూదుల నుంచి సర్క్యూట్ వరకు మైక్ తీగలాంటి కవచం ఉన్న తీగను, ఒక జానకు మించకుండా వాడండి. గుండుసూదికి సాల్డర్ అంటకపోతే పైపూతను ఉప్పుకాగితంతో గీకాలి.

హోరును వదిలించుకోవడం

కాలు పెట్టకముందే రెండు సూదులనూ ఒకదానికొకటి తాకించి స్పీకరు వినాలి. సన్నని బుస మాత్రమే వస్తే సర్క్యూట్ బాగున్నట్టే. సూదులను విడదీసి 3వ కాలు వైపు సూదిని వేలితో తాకితే పెద్ద హోరు రావాలి. రాకపోతే ఎక్కడో తీగ ఊడింది. ఈ రెండు పరీక్షలూ నెగ్గాకే బొద్దింక జోలికి వెళ్లడం న్యాయం.

మన ఇళ్లలో హోరుకు మూలాలు ఫ్యాను రెగ్యులేటరు, ట్యూబులైటు చోకు, ఇన్వర్టరు, ఎల్‌ఈడీ బల్బుల చవక డ్రైవర్లు. వాటిని ఒక్కొక్కటిగా ఆపి చూస్తే ఏది నేరస్థుడో తేలుతుంది. సెల్‌ఫోన్‌ను గదికి అవతల ఉంచాలి. ఇంత చేసినా హోరు మిగిలితే బిస్కెట్ల రేకు డబ్బాను పక్కకు పడుకోబెట్టి, దాన్ని గ్రౌండుకు కలిపి, కాలినీ సర్క్యూట్‌నూ అందులో ఉంచండి. ల్యాప్‌టాప్‌కు కలిపేటప్పుడు దాని చార్జరు తీసేయాలి. గోడ ప్లగ్గుకు తగిలించిన ఏ పరికరాన్నీ ఈ సర్క్యూట్‌కు కలపకూడదన్న నియమం హోరు కోసమే కాదు, మన ప్రాణానికి కూడా.

బొద్దింకను సిద్ధం చేయడం

మురుగు గొట్టాల దగ్గర, స్నానాలగదుల్లో రాత్రివేళ కనిపించే పెద్ద ఎర్రగోధుమ రంగు బొద్దింక ఇంటర్ జువాలజీలో చదివే పెరిప్లానెటా అమెరికానాయే. వంటింటి అలమారలోని చిన్న జాతి కాళ్లు ఈ పనికి మరీ సన్నం. మందు కొట్టిన ఇంట్లో పట్టినది పనికిరాదు. దాని కారణం చివర చెబుతాను. రెక్కలు రాని పిల్ల బొద్దింక దొరికితే మేలు, ఎందుకంటే అది కుబుసం విడిచినప్పుడు పోయిన కాలు తిరిగి మొలుస్తుంది. రెక్కలున్నది ఎదిగినది, దానికి ఇక కుబుసాలు లేవు, కాలూ రాదు. బడిలో చేస్తుంటే ముందుగా ఉపాధ్యాయుల అనుమతి తీసుకోవాలి.

గిన్నెలో మంచు ముక్కలు కలిపిన నీళ్లు తీసుకుని బొద్దింకను అందులో వేస్తే కొన్ని నిమిషాల్లో కదలిక పూర్తిగా ఆగుతుంది. చల్లదనం అయాన్ ద్వారాల పనిని నెమ్మదింపజేసి నాడులను స్తంభింపజేస్తుంది. వెచ్చబడ్డాక ప్రాణి మామూలుగా తిరుగుతుంది. కదలిక ఆగిందని రూఢి చేసుకున్నాక వెనక కాళ్లలో ఒకదాన్ని, శరీరానికి అతుక్కుని ఉండే కాక్సాతో సహా, పదునైన చిన్న కత్తెరతో ఒక్క కోతతో తీయాలి. వెనక కాలు అన్నిటికన్నా పొడవైనది, దాని టిబియా (మోకాలి కీలుకు కింది పొడవాటి భాగం) మీద ముళ్లూ పెద్దవి. కోసిన చోట వ్యాసలీన్ చుక్క అద్ది బొద్దింకను తిరిగి డబ్బాలోకి వదిలేయండి. కాలి తెగిన కొసకూ కాస్త వ్యాసలీన్ రాస్తే త్వరగా ఎండిపోదు.

కాలిని సీసా బిరడా ముక్కమీదో థర్మోకోల్ ముక్కమీదో ఉంచి, గ్రౌండు సూదిని కాక్సాలో, రెండో సూదిని ఫీమర్ (టిబియాకు పైనుండే తొడ భాగం) మధ్యలో గుచ్చాలి. సూది నాడిని సరిగ్గా తాకనవసరం లేదు, లోపలి తడిని తాకితే చాలు. అయితే ఫీమర్‌లో అటూ ఇటూ పదేపదే గుచ్చితే నాడి తెగిపోతుంది. టిబియా, టార్సస్ (పాదం) భాగాలు బిరడా అంచు దాటి గాలిలో ఉండేలా చూస్తే ముళ్లను తాకడం తేలిక. మంచు చలి నుంచి కాలు కోలుకోవడానికి అయిదు నిమిషాలు ఆగండి. ఆ వ్యవధిలో చీమలు రాకుండా బిరడాను నీళ్లు పోసిన పళ్లెం మధ్య పెట్టడం మంచిది. మన ప్రాంతంలో ఈ ప్రయోగం మధ్యలో ఆగిపోయేది ఎక్కువగా చీమల వల్లే.

వినడం, అనుమానించడం

స్పీకరు తెరవగానే, ఏమీ తాకకపోయినా, కొద్దిపాటి చిటపట వినిపించవచ్చు. కాలిలోని కొన్ని గ్రాహకాలు ఊరికే ఉన్నప్పుడు కూడా స్పైకులు పంపుతుంటాయి. ఇప్పుడు ప్లాస్టిక్ పుల్లతో, అంటే లోహం కానిదానితో, టిబియా మీది ఒక ముల్లును మెల్లగా వంచండి. చిటపట ఒక్కసారి జోరందుకుంటుంది. శీతలపానీయపు స్ట్రా గుండా కాలిమీదికి గాలి ఊదినా ఫలితం కనిపిస్తుంది.

విన్నదల్లా నాడి సంకేతమేనని నమ్మకూడదు. పుల్ల తగిలి సూది కదిలినా చప్పుడు వస్తుంది; తీగ ఊగినా వస్తుంది. మూడు పరీక్షలు చేయాలి. బిరడాను పుల్లతో తట్టి చూడాలి: చిటపట రాకూడదు, వచ్చినా ఒక్క దబ్బుమన్న శబ్దం మాత్రమే రావాలి. సూది ఉన్న ఫీమర్ గట్టి పెంకును, ముళ్లు లేనిచోట, తాకి చూడాలి: ఇక్కడా అంతే. ఇక అన్నిటికన్నా నమ్మదగినది మూడోది. మరుసటి రోజు, కాలు పూర్తిగా చచ్చాక, దాన్ని ఉప్పునీటి చుక్కతో తడిపి అవే సూదులతో అదే ముల్లును తాకాలి. అప్పుడూ అదే చిటపట వస్తే నిన్న విన్నది నాడీకణాన్ని కాదు.

కారణం తెలియని చప్పుళ్లు ఏడ్రియన్‌నూ తికమకపెట్టాయి. ఒకసారి ఆయన గోదురుకప్ప కంటి నాడిమీద ఎలక్ట్రోడ్లు అమర్చి, చీకటి గదిలో అటూ ఇటూ తిరుగుతుండగా స్పీకరులో పదేపదే శబ్దాలు వచ్చాయి. తన కదలికలతో వాటిని పోల్చి చూసుకున్నాకే తెలిసింది, కప్ప కన్ను చూస్తున్నది తననేనని.

నమోదు చేసి లెక్కపెట్టడం

చెవికి వినిపించినదాన్ని లెక్కలోకి తేవాలంటే కంప్యూటరులో నమోదు చేయాలి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు లైన్ ఇన్‌పుట్ ఉండదు కనుక చవకగా దొరికే యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనడం ఉత్తమం. దాని మైక్ రంధ్రానికి మన సంకేతం మరీ ఎక్కువ కాబట్టి, 10 కిలోఓమ్‌లు, 1 కిలోఓమ్ రెసిస్టర్లతో పదకొండో వంతుకు తగ్గించి ఇవ్వాలి. ఉచితంగా దొరికే ఆడాసిటీ ప్రోగ్రాంలో సెకనుకు 44,100 నమూనాల చొప్పున రికార్డు చేస్తే ఒక మిల్లీసెకను స్పైక్‌కు 44 బిందువులు వస్తాయి. ఆకారం స్పష్టంగా కనిపించడానికి అవి ధారాళంగా చాలు. శబ్దాన్ని శుభ్రం చేసే, స్థాయిని తనంతట తాను మార్చే సౌకర్యాలన్నీ ముందుగా ఆపేయాలి. మనుషుల మాటకోసం చేసిన ఆ సౌకర్యాలు స్పైకులను చెత్తగా భావించి తుడిచేస్తాయి.

ఇప్పుడు ముల్లును తాకీతాకనట్టు, ఆపై కొంచెం ఎక్కువగా, ఆపై బాగా వంచి, ప్రతిసారి మధ్యలో అర నిమిషం విరామమిస్తూ నమోదు చేయండి. తరంగాన్ని పెద్దదిగా చేసి చూస్తే ఏడ్రియన్ 1926లో చూసినదే కనిపిస్తుంది: బలంగా వంచినప్పుడు ఒకే కణపు స్పైక్ పెద్దది కాదు, స్పైకులు దగ్గరదగ్గరగా, సెకనుకు ఎక్కువ సంఖ్యలో వస్తాయి. ఎంత బలమన్న సమాచారం ఎత్తులో లేదు, లెక్కలో ఉంది. తెరమీద రెండు మూడు రకాల ఎత్తులున్న స్పైకులు కనిపిస్తే కంగారుపడకూడదు; అవి వేర్వేరు ఆక్సాన్లవి. లావు ఆక్సాన్ స్పైక్ బయట పెద్దదిగా, సన్నని ఆక్సాన్ స్పైక్ చిన్నదిగా కనిపిస్తుంది. రెండు కణాల స్పైకులు ఒకే క్షణంలో పడితే అవి కలిసిపోయి ఇంకా ఎత్తుగా అనిపిస్తాయి. కాబట్టి లెక్కపెట్టేటప్పుడు ముందుగా ఒక ఎత్తును ఎంచుకుని, ఆ ఎత్తు స్పైకులనే గుర్తుపెట్టుకుంటూ పోవాలి.

రెండో కొలత ఇంకా ఆసక్తికరమైనది. ముల్లును వంచి, పుల్లను బిరడాకు గుచ్చిన మరో ఊతకు ఆనించి, కదలకుండా అలాగే ఉంచండి. మొదటి సెకను, రెండో సెకను, మూడో సెకను అంటూ విడివిడిగా స్పైకులను లెక్కపెట్టి గ్రాఫు గీయండి. ముల్లు వంగే ఉన్నా సంఖ్య వేగంగా పడిపోతుంది. ఆ కణం చెప్పేది ముల్లు వంగి ఉందని కాదు, వంగుతోందని. ఒంటిమీది చొక్కా స్పర్శ వేసుకున్న కాసేపటికే మనకు తెలియకుండా పోవడంలోనూ ఇలాంటి సర్దుబాటు పాత్ర ఉంది. ఏడ్రియన్‌కు 1932లో, చార్లెస్ షెరింగ్టన్‌తో పాటు, నోబెల్ తెచ్చిన పరిశోధనల్లో ఇదీ భాగమే.

విద్యుత్తును తిరిగి పంపడం

యాంప్లిఫయర్‌ను పూర్తిగా విడదీసి, పాత ఇయర్‌ఫోన్ తీగను కోసి, దాని రెండు పోగులను ఆ రెండు సూదులకే కలిపి, చార్జింగులో లేని ఫోన్ నుంచి డప్పుల దరువు ఉన్న పాట పెడితే కాలు దరువుకు తగినట్టు అదురుతుంది. సన్నని స్వరాలకు స్పందించదు. నెమ్మదిగా మారే విద్యుత్తుకే పొర విభవం హద్దు దాటేంత సమయం చిక్కుతుంది. బొలోన్యాలో లూయిజీ గాల్వానీ 1791లో ప్రచురించిన కప్ప కాళ్ల ప్రయోగాల సారం ఇదే: విద్యుత్తు సోకితే చచ్చిన కప్ప కాలు తన్నుకుంటుంది. అది జంతువులో పుట్టే విద్యుత్తని గాల్వానీ, రెండు లోహాలు కలవడం వల్ల వచ్చినదని వోల్టా వాదించుకున్నారు. ఆ వాదన నుంచే 1800లో వోల్టా బ్యాటరీ పుట్టింది. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది.

వేగాన్ని కొలవడానికి వానపాము

సంకేతం ఎంత వేగంగా ప్రయాణిస్తుందో కొలవడానికి బొద్దింక కాలు మరీ పొట్టి. దీనికి వానపాము సరైనది, దాన్ని కోయనవసరం కూడా లేదు. నూటికి పది పాళ్ల ఆల్కహాల్ ఉన్న నీటిలో కొన్ని నిమిషాలు ఉంచి, కదలిక ఆగాక మంచినీటితో కడిగి, తడి బిరడా పలకమీద పరచాలి. ఇందుకు ఒకేలాంటి రెండు యాంప్లిఫయర్లు, వాటి సంకేతాలను ఎడమ, కుడి చానెళ్లుగా తీసుకునే స్టీరియో సౌండ్ కార్డు కావాలి. శరీరం పొడవునా తెలిసిన ఎడంలో రెండు సూదులు, తోక దగ్గర రెండింటికీ ఉమ్మడి గ్రౌండు సూది గుచ్చి, తల దగ్గర పుల్లతో తట్టండి. సూదుల మధ్య దూరాన్ని రెండు స్పైకుల మధ్య కాలంతో భాగిస్తే వేగం వస్తుంది: ఉదాహరణకు దూరం 4 సెంటీమీటర్లు, కాలం 2 మిల్లీసెకన్లు అయితే సెకనుకు 20 మీటర్లు. రెండు యాంప్లిఫయర్లూ ఒకేలా ఉన్నంతవరకు వాటివల్ల కలిగే ఆలస్యం తీసివేతలో పోతుంది. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1850లో కప్ప నాడిని కండరానికి దగ్గరగా ఒకసారి, దూరంగా మరోసారి ప్రేరేపించి, కండరం కదలడానికి పట్టిన కాలాల తేడాతో ఇదే తీసివేత చేసి, వేగం సెకనుకు సుమారు 27 మీటర్లని తేల్చారు. నాడీసంకేతపు వేగం కొలతకు అందదని ఆయన గురువు యోహాన్నెస్ ముల్లర్ అంతకుముందు భావించారు. పని ముగిశాక వానపామును తడి మట్టిలో వదిలేస్తే కోలుకుంటుంది.

తల దగ్గర తట్టినప్పుడు స్పందించే తంతువు వానపాము నాడీరజ్జువు నడుమనుండే లావాటి ఆక్సాన్. అదే వానపాములో వేగానికి ఆక్సాన్ లావు ఎంత ముఖ్యమో చూడాలంటే, గ్రౌండు సూదిని తల వైపుకు మార్చి ఈసారి తోక దగ్గర తట్టండి. అప్పుడు పలికే పక్క ఆక్సాన్లు సన్నగా ఉండటం వల్ల వేగం తక్కువగా వస్తుంది.

బయటి సూదికి అందనిది, కొంత అందేది

మన సూది స్పైక్ వచ్చిందని చెబుతుంది గాని, పొరలో ఏ అయాన్ ఎటు కదిలిందో చెప్పదు. దానికి లోపలికి వెళ్లాలి. 1936లో జె. జెడ్. యంగ్ స్క్విడ్ అనే సముద్రజీవిలో దాదాపు మిల్లీమీటరు లావుండే ఆక్సాన్‌ను శాస్త్రవేత్తల దృష్టికి తెచ్చారు. 1939లో ఇంగ్లండులోని ప్లిమత్‌లో అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ దాని లోపలికే సన్నని ఎలక్ట్రోడ్‌ను దింపి, స్పైక్ సమయంలో విభవం సున్నాకు చేరడమే గాక దాన్ని దాటి ధనావేశంలోకి వెళ్తోందని చూశారు. యుద్ధం అడ్డుపడి, తిరిగి మొదలైన ఆ పని 1952లో సమీకరణాలుగా ముగిసింది. కేంబ్రిడ్జ్ కంప్యూటరు అందుబాటులో లేక హక్స్‌లీ చేత్తో తిప్పే గణనయంత్రంమీద లెక్కకట్టగా సంకేత వేగం సెకనుకు 18.8 మీటర్లని వచ్చింది. అసలు ఆక్సాన్‌లో కొలిచినది 21.2. కొలతలో వేగాన్ని చూడకుండా, అయాన్ ప్రవాహాల నుంచి మాత్రమే రాబట్టిన లెక్క ఇంత దగ్గరికి రావడం నాకు ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికన్నా ఆశ్చర్యంగా తోచే విషయం. ఒక్కొక్క ద్వారం తెరుచుకోవడాన్ని 1976లో ఎర్విన్ నేహర్, బెర్ట్ జాక్‌మన్ గాజు నాళికను పొరకు అదిమి పట్టి కొలిచారు.

సోడియం ద్వారాల పనిని బయటి సూదితోనే పరోక్షంగా గమనించే ఉపాయం ఒకటుంది. దోమల చుట్టల్లో, బొద్దింకల స్ప్రేల్లో ఉండే అల్లెత్రిన్ వంటి పైరెథ్రాయిడ్ మందులు సోడియం ద్వారాలను మూసుకోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. జపాన్‌కు చెందిన తొషియో నరహాషి 1960ల మొదట్లో బొద్దింక లావు ఆక్సాన్లమీదే అల్లెత్రిన్ ప్రభావాన్ని పరిశీలించారు. మందు కొట్టిన ఇంటి బొద్దింక వద్దన్నది ఇందుకే. తాజా కాలితో మామూలు నమోదు ముగిశాక, కిటికీలు తెరిచి, సాల్డరింగ్ ఐరన్ వంటి వేడివస్తువులు దగ్గర లేకుండా చూసుకుని, ఆ మందును దూదిమీద కొట్టి, తడిసిన దూదిని టిబియాకు ఒకసారి అద్దండి. మరో కాలికి మందు లేని కిరోసిన్ మాత్రమే అద్దాలి. స్ప్రేలోని ద్రావకం వల్లే మార్పు వచ్చిందేమోనన్న అనుమానం దీనితో చాలావరకు తీరుతుంది. కొన్ని నిమిషాల తరువాత ముల్లును ఒక్కసారి తాకి వదిలేస్తే, మందు సోకిన కాలిలో సాధారణంగా స్పైకులు తాకిడితో ఆగకుండా గుంపులు గుంపులుగా కొనసాగుతాయి, ఆ తరువాత క్రమంగా అణగారిపోతాయి. రెండు కాళ్ల రికార్డులను ఒకదాని కింద ఒకటి పెట్టి, తాకిన క్షణం నుంచి ప్రతి అర సెకనుకూ స్పైకులను లెక్కించండి. మందు ఆనవాలు తదుపరి కాలికి అంటకుండా ఆ సూదులను సబ్బుతో, తరువాత స్పిరిట్‌తో కడగాలి. బిరడాను మాత్రం పారేసి కొత్తది వాడాలి.